గోదావరిఖనిలో పద్దెనిమిది టోపీలు

మా కాకినాడలో ఎవరైనా ఊరెళ్తున్నారంటే గుడికా, పెళ్లికా అని అడుగుతారు. గోదావరిఖనికి అన్నాను. స్టాఫ్ రూములో నలుగురూ ఒకేసారి "అక్కడేముంది?" అన్నారు. బొగ్గుంది అని చెప్పి ఊరుకున్నాను. అసలు పని చెబితే నవ్వుతారని భయం. నేను వెళ్లింది రెండు సంస్థలు ఒకదానితో ఒకటి ఎలా కాపురం చేస్తాయో తెలుసుకోవడానికి.

డిగ్రీ కాలేజీలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పుకునే దాన్ని. నా పరిశోధన లెక్కలతో తేలేది కాదు. మనుషుల ఎదురుగా కూర్చోవాలి, వాళ్లు చెప్పింది రికార్డు చేసుకోవాలి, తర్వాత అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలి. ఎవరు ఏ మాట దగ్గర ఆగారో, ఏ మాట రెండుసార్లు అన్నారో రంగు పెన్సిళ్లతో గీసుకోవాలి. మా ఆయన దీన్ని సెలవు పెట్టి మరీ చాడీలు వినడం అంటాడు. ఆయన ఇంజనీరు, కొలవలేనిది ఏదీ ఆయనకు కనబడదు.

నేను ఎంచుకున్న రెండు సంస్థల్లో ఒకటి పెద్దది. గనిలో బొగ్గు మీదున్న మట్టిని తొలగించే కాంట్రాక్టు దానిది. రెండోది దానికి మనుషుల్ని పంపే చిన్న సంస్థ. పేర్లు బయటపెట్టనని సంతకం చేసి ఇచ్చాను కాబట్టి పెద్ద సంస్థ, చిన్న సంస్థ అనే రాస్తాను. మనుషుల పేర్లు మార్చాను. గని పేరు అసలు రాయను. చివరి రెండు రోజుల సంగతి మాత్రం, అది ఎవరిదో ఆ మనిషి రాయమన్నాకే రాస్తున్నాను.

మొదటి రోజు: తెల్ల చీర

రామగుండంలో రైలు దిగేసరికి తెల్లారింది. పొగ గొట్టాలు ముందు కనబడ్డాయి, ఊరు తర్వాత కనబడింది. గోదావరిఖని చౌరస్తా వైపు వెళ్తుంటే రోడ్డుకు కుడివైపున బారుగా ఒక గుట్ట. దాని మీద చిన్న చిన్న తుమ్మ చెట్లు మొలిచాయి. బాగుంది, ఏం గుట్ట అది అని ఆటో నడిపే ఆయన్ని అడిగాను. నేను బళ్లెకు పోయేటప్పుడు అది లేకుండె అన్నాడాయన. గనిలోంచి తీసిన మట్టి అంతా అలా పోశారట. ఆ కిందనే వాళ్ల చిన్నమ్మ వాళ్ల ఊరు ఉండేదట. ఊరు లేచిపోయి మరోచోట కాలనీ అయ్యిందిగానీ, బావి మాత్రం అక్కడే ఉండిపోయిందని చెప్పాడు. ఆ తర్వాత చాలాసేపు ఆ మట్టి కింద నిండుగా నీళ్లున్న బావి ఒకటి నా కళ్లముందునుంచి కదలలేదు.

ఇస్త్రీ చేసిన తెల్ల నేతచీర కట్టుకుని వెళ్లడం నా మొదటి పొరపాటు. పదింటికి అంచు బూడిద రంగు, పన్నెండింటికి చీరంతా బూడిద రంగు. లాడ్జిలో గది ఇచ్చిన ఆయన నన్ను చూసి, ఇక్కడ తెల్లవి కట్టేది నాయకులొక్కరే మేడం అన్నాడు.

పెద్ద సంస్థ మేనేజరుది గుంటూరు వైపు. గని అంచున ఇనుప పెట్టె లాంటి ఆఫీసులో ఏసీ వేసుకుని కూర్చున్నాడు. మన యాస వినబడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. గోంగూర దగ్గర మొదలుపెట్టి పిల్లల చదువుల దాకా చెప్పాడు. నేను మెల్లగా నా ప్రశ్నలోకి దించాను. మీకూ మనుషుల్ని పంపే వాళ్లకూ మధ్య ఎప్పుడైనా మాట తేడా వచ్చిందా?

"అబ్బే, మాకూ వాళ్లకీ ఎప్పుడూ ఇబ్బంది..." అని ఆయన అంటుండగా బయట సైరన్ మోగింది. రెండుంబావు. బ్లాస్టింగు వేళ. ఆయన నోరు కొంచెం తెరిచి ఉన్నట్టే ఆగిపోయాడు. కళ్లు నా మీదే ఉన్నాయిగానీ నన్ను చూడటం లేదు. కాసేపటికి నేల కింద నుంచి ఏదో దొర్లుకుంటూ వచ్చి నా కుర్చీ కాళ్లలోంచి నడుములోకి ఎక్కింది. బల్ల మీద గ్లాసులో నీళ్లు వణికాయి. అంతా అయ్యాక ఆయన "రాలేదండీ" అని వాక్యం పూర్తి చేశాడు. మధ్యలో ఏమీ జరగనట్టే ఉంది ముఖం.

తర్వాత నేను అడగకుండానే ఇంకో మాట అన్నాడు. "టోపీ మేకుకున్నది, మనిషి బయటున్నడు."

ఇదేమిటండీ అంటే, ఏదో ఇక్కడి వాళ్ల మాట అని ఫైళ్లు సర్దుకున్నాడు. అంతసేపూ గుంటూరు భాష మాట్లాడిన మనిషి ఆ ఒక్కటీ ఇక్కడి భాషలో అన్నాడు. నోట్‌బుక్కులో రాసుకుని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను.

సర్వపిండి

ఆకలేసి గని గేటు దగ్గర రోడ్డు పక్కనున్న ఒక రేకుల షెడ్డులోకి వెళ్లాను. ముప్పై అయిదేళ్ల ఆవిడ సర్వపిండి వేస్తోంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి గిన్నె లోపల గోడలకంతా ఒత్తి, వేళ్లతో చిల్లులు పెట్టి కాలుస్తారు. మా వైపు దిబ్బరొట్టె ఉంది కదా అని గర్వంగా చెప్పబోయి, ఒక ముక్క తిన్నాక ఆ ఊసెత్తలేదు. ఇరవై రూపాయలకు కడుపు నిండింది. ఆవిడ పేరు భాగ్య. భాగ్యగారూ, ఇంకోటి పెట్టండి అన్నాను. పక్కన తింటున్న వాళ్లంతా నవ్వారు. "గారు గిట్ల వద్దు, అక్క అను, సాలు" అంది ఆవిడ. ఎర్రటి బొట్టు, చేతుల నిండా గాజులు. మీ ఆయనేం చేస్తారని మాటవరసకు అడిగాను. పక్కవాళ్ల నవ్వు ఆగిపోయింది. గనిల పోయిండు అంది ఆమె. డ్యూటీలో ఉన్నాడేమో అనుకున్నాను.

రెండో రోజు: సెంటినరీ కాలనీలో

మర్నాడు బస్సులో నిద్రపోయి దిగాల్సిన సెంటినరీ కాలనీ దాటిపోయి, మంథనిలో లేచాను. తిరిగొచ్చేసరికి చిన్న సంస్థ యజమాని నా కోసం రెండో టీ తాగుతున్నాడు. కాలనీలో చల్లగా, వరసగా ఇళ్లు, ప్రతి పెరట్లో జామచెట్టు. ఆయనది పక్క పల్లె. పొలం గనికి పోయాక మనుషుల్ని పంపే పని మొదలుపెట్టాడు. పెద్ద సంస్థ గురించి ఆయన చెప్పిందీ, ఆయన గురించి మేనేజరు చెప్పిందీ ఎక్కడా కలవలేదు. వాళ్లు మనుషుల్ని సరిగ్గా చూడరని ఈయన, వీళ్లు పనికొచ్చే మనుషుల్ని పంపరని ఆయన. నాకు సంబరంగా ఉంది. పరిశోధకురాలికి ఇంతకంటే ఏం కావాలి?

రెండుంబావుకు సైరన్ మోగింది. ఈయన టీ గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయాడు. గ్లాసు అంచు పెదవికి తగిలీ తగలనట్టు ఉంది. కిటికీ ఊచలు గణగణమన్నాయి. తర్వాత టీ తాగాడు.

మీ రెండు సంస్థలూ పూర్తిగా ఒప్పుకున్న విషయం ఒక్కటైనా ఉందా అని అడిగాను. ఆయన నేల చూపులు చూసి, టోపీ మేకుకున్నది, మనిషి బయటున్నడు అన్నాడు. అవే మాటలు, అదే వరస.

సాయంత్రం అయిదింటికి లాడ్జి గదిలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రెండు రికార్డింగులూ రాయడం మొదలుపెట్టాను. మౌనం కూడా రాసుకోవడం మా పద్ధతి, ఎన్ని క్షణాలు ఆగారో. సైరన్ దగ్గర మేనేజరు మౌనం ఎంతో చూద్దామని సౌండు పెంచాను. అది మౌనం కాదు. ఊపిరి కంటే చిన్న గొంతుతో ఏదో అంటున్నాడు. ఇంకా పెంచాను. పద్నాలుగు, పదిహేను, పదహారు. పద్దెనిమిది దగ్గర ఆగాడు. అప్పుడు నేల అదిరిన చప్పుడు.

యజమాని రికార్డింగు తీశాను. టీ గ్లాసు వెనకనుంచి అదే గొణుగుడు. ఆయనా పద్దెనిమిది దగ్గరే ఆగాడు. నాకు ఎదురుగా, బెత్తెడు దూరంలో కూర్చుని లెక్కపెట్టారు. నేను వినలేదు. ఆ సంగతి వాళ్లకు తెలుసో తెలియదో కూడా నాకు అర్థం కాలేదు. బయట ఎండ ఇంకా ఉంది, కింద రోడ్డు మీద మొక్కజొన్న కంకులు కాలుస్తున్నారు. అయినా లేచి తలుపు గడియ పెట్టుకున్నాను.

మూడో రోజు: మేకులు

చిన్న సంస్థ సూపర్‌వైజరు నన్ను గని అంచున ఉన్న రెస్టు షెడ్డుకు తీసుకెళ్లాడు. గోడకు చెక్క పలక, దానికి పద్దెనిమిది మేకులు. హెల్మెట్‌ను ఇక్కడ టోపీ అంటారు. ఆ ముఠాలో పద్దెనిమిది మంది, ప్రతివాడి టోపీకి ఒక నంబరు. బ్లాస్టింగుకు ముందు అందరూ పైకి వచ్చి టోపీ మేకుకు తగిలించాలి. ఎవరు ఎక్కడ బీడీ కాలుస్తున్నారో, ఎవరు సద్దిగిన్నె విప్పుతున్నారో వెతికి తలలు లెక్కపెట్టడం కష్టం కాబట్టి సూపర్‌వైజరు టోపీలు లెక్కపెడతాడు. పద్దెనిమిదీ ఉంటే ఫోనులో సరే అంటాడు. సైరన్ మోగుతుంది.

మేనేజరూ, యజమానీ రోజూ లెక్కపెడుతున్నది ఈ టోపీల్నే.

మనుషులు గనిలో ఉన్నారు కాబట్టి మేకులన్నీ ఖాళీగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. పదకొండో మేకుకు పసుపు టోపీ వేలాడుతోంది. షెడ్డులో బల్ల మీద, కుండ మీద, నా కళ్లద్దాల మీద కూడా దుమ్ము. ఆ టోపీ మీద లేదు. ఇది ఎవరిది అని అడిగాను. సూపర్‌వైజరు ఆ వాక్యమే చెప్పాడు. ఈసారి నాకు నోరెత్తి మళ్లీ అడిగే ధైర్యం లేకపోయింది. మూల నీళ్లు తాగుతున్న ఒక సన్నటి మనిషి చెంబు దించకుండా నన్నే చూస్తున్నాడు. పంపుల దగ్గర పనిచేసే రాజేశం అని తర్వాత తెలిసింది.

రెండింటికి భాగ్య షెడ్డులో ఉన్నాను. సైరన్ మోగగానే ఆమె పొయ్యి మంట తగ్గించి, కింద కూర్చుని, అరచెయ్యి నేలకు ఆనించింది. నేల అదిరి ఆగేదాకా తియ్యలేదు. అలవాటక్క అంది, నేను చూడటం చూసి. అప్పుడు చెప్పింది.

భర్త పేరు ఓదెలు. రెండేళ్ల కిందట పొద్దుటి షిఫ్టుకు వెళ్లాడు, తిరిగి రాలేదు. ఆ రోజు బ్లాస్టింగుకు, గని అడుగున నీళ్లు చేరే సంపు పక్కన మట్టికట్ట జారిందని విని గేటు దగ్గరికి పరుగెత్తింది. చిన్న సంస్థ వాళ్లు టోపీ మేకుకుంది, మనిషి బయటున్నాడు, ఎటో పోయి ఉంటాడు అన్నారు. పెద్ద సంస్థ వాళ్లూ అదే అన్నారు. పోలీసులు కనబడుటలేదు అని రాసుకున్నారు. జారిన మట్టిని ఎవరూ తీసి చూడలేదు, దాని మీద ఇంకా మట్టి పడింది. ఆమె బొట్టు తియ్యలేదు, తియ్యడానికి ఎవరూ ఏమీ చెప్పలేదు. పోయిన నెల వాళ్ల అక్క కూతురి పెళ్లిలో ముత్తైదువలకు బొట్టు పెడుతూ ఈమె దగ్గరికి వచ్చేసరికి కుంకుమ భరిణె పట్టుకున్న చెయ్యి ఆగిపోయిందట. పెట్టాలా వద్దా అని వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుంటుంటే, కడుపునొప్పి అని చెప్పి లేచొచ్చేసింది.

"ఉన్నడంటే ఎదురుసూస్త. లేడంటే ఏడుస్త. ఏదో ఒక్కటి చెప్పుమను అక్కా" అంది. "నువ్వు అందరిని అడుగుతున్నవట గద. ఏమన్నరు?"

ఎవరేం చెప్పారో ఇంకొకరికి చెప్పకూడదు, అది మా నియమం. ఆ నియమాన్ని ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఆమె ముందు దాన్ని పైకి అనడానికి సిగ్గేసింది. రెండో ముక్క తినకుండానే లేచాను.

నాలుగో రోజు: రాజేశం

ఉదయం పదింటికి లాడ్జి కింద గదిలో రాజేశం కూర్చుని ఉన్నాడు. రెండో షిఫ్టట. అందరి మాటలూ రాస్తున్నావట, నాది గూడ రాయి అన్నాడు. అంగీకార పత్రం చదివి వినిపించాను. నీ పేరు ఎక్కడా రాదు, ఇష్టం లేకపోతే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. సంతకం పెట్టాడు. మిషన్ పెట్టు అన్నాడు.

ముఠాలో ముందు పైకి వచ్చేవాడు వెనక వచ్చేవాళ్ల టోపీలు కూడా తెచ్చి మేకులకు పెట్టడం అలవాటట. మేకులు తొందరగా నిండితే లెక్క తొందరగా అవుతుంది, అందరూ తొందరగా అన్నం తినొచ్చు. అది దోస్తీ, ఎవరూ తప్పనుకోలేదు. ఆ రోజు ఎండకు ఓదెలు టోపీ తీసి ట్యాంకరు మీద పెట్టి, తలకు తువ్వాల చుట్టుకుని, పంపు పైపులో ఇరుక్కున్న చెత్త తియ్యడానికి సంపులోకి దిగాడు. నువ్వు పో, నా టోపీ తీస్కపో, ఎనకనే వస్త అన్నాడు. రాజేశం రెండు టోపీలతో పైకి వచ్చి రెండూ మేకులకు పెట్టాడు. సూపర్‌వైజరు పద్దెనిమిది లెక్కపెట్టాడు. సైరన్ మోగుతుంటే రాజేశం అటూ ఇటూ చూసి, ఓదెలన్న రాలే అన్నాడు. సూపర్‌వైజరు పలక వైపు చెయ్యి చూపించి అన్న మాట అది. టోపీ మేకుకున్నది, మనిషి బయటున్నడు.

"నేను గూడ నమ్మిన మేడం" అన్నాడు రాజేశం. "నేనే తెచ్చి పెట్టిన టోపీని సూసి నేనే నమ్మిన."

ఆ సాయంత్రం సూపర్‌వైజరు ఆ మాటే యజమానికి చెప్పాడు, యజమాని మేనేజరుకు చెప్పాడు. ఇప్పుడు నోరు విప్పితే తన డ్యూటీ పోతుంది, అది కాదు భయం. భాగ్య వదినె ముందు నిలబడాలి. అందుకే రెండేళ్లుగా భాగ్య షెడ్డు ముందునుంచి కాకుండా చుట్టూ తిరిగి గనికి వెళ్తున్నాడు. టోపీ రోజూ తుడిచేది తనేనట. దుమ్ము పడితే మనిషి లేనట్టే అనిపిస్తుందట.

రెండు సంస్థలకు ఉన్న బంధం ఏమిటని వెతుక్కుంటూ నాలుగు వందల కిలోమీటర్లు దాటి వచ్చాను. అది అయిదు ముక్కలైనా లేని ఒక్క మాట. మిగతా అన్నింటిలో కీచులాడుకునే వాళ్లు దీన్ని మాత్రం చెరో కొసా పట్టుకుని మోస్తున్నారు. గొప్ప ఫలితం దొరికిందని ఒక క్షణం లోపల సంతోషించాను కూడా. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

అతను వెళ్లాక ఫోను చేతిలో పట్టుకుని గదిలో తిరిగాను. భాగ్య షెడ్డు ఆటోలో పది నిమిషాలు. వినిపిస్తే అయిపోతుంది. కానీ ఆ మాట నాది కాదు. రెండుంబావుకు సైరన్ మోగింది. అద్దం ముందు తల దువ్వుకుంటున్నాను. పదకొండు, పన్నెండు అని కదులుతున్న పెదవులు నావేనని తెలియడానికి కొంచెంసేపు పట్టింది.

అయిదో రోజు: చదివి వినిపించడం

మా పద్ధతిలో ఇంకొకటుంది. రాసుకున్నది ఎవరి మాటో వాళ్ల దగ్గరికే తీసుకెళ్లి చదివి వినిపించాలి. వాళ్లు దిద్దాలి, అవునంటేనే అది ఉంటుంది. పిల్లలకు దీన్ని పరీక్షల్లో రెండు మార్కుల ప్రశ్నగా ఇస్తాను. పొద్దున్నే గోదావరి బ్రిడ్జి దగ్గర టీ కొట్టు బెంచీ మీద కూర్చుని రాజేశానికి నాలుగు పేజీలూ చదివాను. పది రూపాయల టీ చల్లారిపోయింది. అతను తన మాటలు ఎవరివో అన్నట్టు విన్నాడు. ఒక్కచోట ఆపాడు. "ఓదెలు అని వట్టిగ రాసినవ్. ఓదెలన్న అని రాయి." దిద్దాను.

ఇది ఉంచాలా, తీసెయ్యాలా అని అడిగాను. నువ్వు వద్దంటే ఇక్కడే చించేస్తాను అన్నాను, నిజంగానే అన్నాను. అతను కాసేపు బ్రిడ్జి మీద లారీల్ని చూశాడు. తర్వాత లేచి, పా మేడం అన్నాడు.

భాగ్య అప్పుడే పిండి కలుపుతోంది. రెండేళ్ల తర్వాత గడపలో నిలబడ్డ రాజేశాన్ని చూసి, తింటవా అని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడు. నా చేతిలో కాగితాలు చూపించి చదవమన్నట్టు సైగ చేశాడు.

నేను చదివాను. టోపీ ట్యాంకరు మీద పెట్టడం, తువ్వాల, సంపు, ఎనకనే వస్త, మేకు, సైరన్, అన్నీ వరసగా చదివాను. ఆమె చేతులు పిండిలోనే ఉండిపోయాయి.

"ఏ తువ్వాల?" అని అడిగింది రాజేశాన్ని.

"ఎర్ర గీతలది, వదినె."

ఆమె తల ఊపింది. పొద్దున తనే మడతపెట్టి భుజాన వేసి పంపిందట. అప్పుడు ఏడ్చింది. కలిపిన పిండి మీద వంగి, గొంతు దాచుకోకుండా ఏడ్చింది. రాజేశం గడప దగ్గర కూలబడ్డాడు. తిట్టు వదినె, కొట్టు అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. ఏడుపు అయ్యాక లేచి పొయ్యి ఆర్పేసింది. వెనక డ్రమ్ములోంచి బకెట్టు ముంచి తెచ్చి మధ్యలో పెట్టింది.

"నీళ్లు పోస్కో రాజేశం. నువ్వు గూడ ఇంటోనివే గద, మైల నీగ్గూడ ఉంటది" అంది.

నేను కాగితాలు సంచిలో పెట్టుకుని పక్కకు జరిగాను. మా వైపు చావు మైల రక్త సంబంధీకులకే, దారినపోయే వాళ్లకు ఉండదు. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు గూడ రా అక్కా. సావు మాట నీ నోట్లెకెల్లే ఇన్న."

చెప్పులు విప్పి వెళ్లి రాజేశం పక్కన కూర్చున్నాను. ఆమె చెంబుతో ముందు అతని తల మీద పోసింది, తర్వాత నా తల మీద పోసింది. మిగిలిన నీళ్లు బకెట్టుతో ఎత్తి తన మీద పోసుకుంది.